గోడ అవతలి దగ్గు

మంగళవారం, రాత్రి

బంగారు గనుల కోరమండల్‌లో, గని కార్మికులకు వరసగా కట్టిన ఈ లైను ఇంటికి రాక్ బ్యాండ్లు రికార్డింగుకు వచ్చేది నేను చేసే శుభ్రమైన సౌండ్ కోసమే. అందుకే పక్కింటి దివ్య పాడిన పాటలో గోడ అవతల నుంచి పడిన వాళ్ల నాన్న దగ్గును రెండు రోజులు కూర్చుని తీసేశాను.

ఈరోజు ఆయనే వచ్చి విన్నాడు.

"బాగుండాది. నా దగ్గు యాడ పోయిందప్పా?"

"తీసేసినాను మామా."

"ఇరవై ఏండ్లు గనిలో దిగి నేను తెచ్చుకునింది అదొక్కటే కదప్పా!" నవ్వుతూనే వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచి కుదురు లేదు. ఇన్నేళ్లలో ఎవరి పాటలోంచి ఏం తుడిచేశానో... దివ్య పాటకైతే దగ్గు ఉన్న పాత ఫైలు కూడా ఉంచుకోలేదు. రేపే పాట బెంగళూరు పంపాలి.

ఇందాక గోడ అవతల దగ్గు వినబడింది. మళ్లీ పాటలో కలుపుదామని గబగబా లేచి గోడకు మైకు పెట్టాను. ఆగిపోయింది. ఛీ, ఒక మనిషి మళ్లీ ఎప్పుడు దగ్గుతాడా అని కాచుకుని కూర్చున్నాను.