అరంగుళం లూజు

నర్సమ్మగారికి నమస్కారాలు.

నోటి క్యాన్సర్‌కి మీ దగ్గర రేడియేషన్ కరెంటు పెట్టించుకుంటున్న టైలరు భార్యని. దవడలు బిగుసుకుపోకుండా రోజూ వ్యాయామం చేయించి, నోరెంత తెరుచుకుంటోందో కొలిచి రాయమన్నారు కదా. ఆయనే టేపు పెట్టుకుని చెప్పేవారు, నేను రాసేదాన్ని. మొన్న ఆ కాగితం చూసి మీరు "భేష్" అన్నారు.

నిన్న చెంచా కూడా నోట్లోకి పోలేదు. నిలదీస్తే పళ్ల సందులోంచే అన్నారు: "ఎవరి కొలతకైనా అరంగుళం లూజు కలుపుతాగా, నాదానికీ కలిపా. లేకపోతే నువ్వు దిగులుతో అన్నం మానేస్తావు."

ఆయన్ని కోప్పడకండి. తప్పు నాదే, టేపు నేను పట్టుకోవాల్సింది. ఈ పూట నేనే కొలిచాను. అంకె రాయడానికి చెయ్యి రావడం లేదు.

జాకెట్టు బిగుతైతే ఆయన కుట్లు విప్పి ఇస్తారు. ఈ దవడకి నన్ను ఏ కుట్టు విప్పమంటారు?