సంచులతో నువ్వు నిలబడిన చోటు

కమలా,

నువ్వు కన్నుమూసిన ఏడాదికి నా అవస్థ దిల్‌సుఖ్‌నగర్ డాక్టరుకు చెప్పుకున్నాను. ప్రోస్టేట్ పెరిగిందట. "గీ గోలీ రోజూ ఏస్కోండ్రి, లేసేటప్పుడు జర మెల్లగ లేవుండ్రి" అన్నాడు. నెల తిరిగేసరికి మాటిమాటికీ మరుగుదొడ్డికి పరిగెత్తడం తగ్గింది.

ఇవాళ మీ తమ్ముడి ఊరికని ఎల్‌బీ నగర్‌లో బస్సు కోసం ఆగాను. మరుగుదొడ్డి కాపలాదారు నన్ను గుర్తుపట్టాడు.

"ఏంది సార్, ఇయ్యాల లోపటికి పోతలేరా?"

"అవసరం పడలేదయ్యా."

ఇదివరకు నేను లోపలికి వెళ్తే నువ్వు సంచులతో మెట్రో స్తంభం పక్కన నిలబడేదానివి. బస్సు తప్పిపోతే, "చూస్తూ ఊరుకున్నావా?" అని విసుక్కునేవాణ్ణి. ఇంతకీ ఏం చూసేదానివో తెలుసుకుందామని ఇవాళ అక్కడే నిలబడ్డాను.

బస్సులు కనపడవు. నేను బయటికొచ్చే తలుపొక్కటే కనపడుతుంది.