నీలిరంగు ట్యాంకు

పద్మనగర్, భివండి
14 జూన్ 2025

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లెలు జమునకు,

అన్న హనుమాండ్లు దీవించి రాయునది. మీ ముగ్గురూ చల్లగా ఉండాలి. ఎప్పుడూ అలవాటుగా రాసే మాటే ఇది, ఈసారి మనసారా రాస్తున్నాను. పొద్దున ఫోన్లో మోటరు బంద్ చెయ్యి, ట్యాంకు దగ్గరికి పోకుండ్రి అన్నాను కదా. మిగతాది ఇందులో రాస్తున్నాను.

మొన్న మా వెనకింటి భూమయ్య ఇంట్లో బోరు నీళ్ల ప్రెషర్ ట్యాంకు పేలింది. అడుగు ఊడిపోయి, ట్యాంకు రేకుల కప్పు చీల్చుకొని పైకి లేచింది. అబ్బో, ఆ చప్పుడు ఇంకా నా తలలోనే ఉంది! అంజూర్ ఫాటాలో మీ ఇంటికి నేను బిగించి ఇచ్చిందీ అలాంటిదే. మీ బిడ్డ సాక్షి స్నానం చేసే గది గోడ అవతలే కదమ్మా అది.

ప్లంబర్ భీమ్‌రావును పట్టుకొని అడిగాను. ఈ ట్యాంకులు మూడు రకాలట. మనది వట్టి ఇనుప ట్యాంకు, గాలీ నీళ్లూ కలిసే ఉంటాయి. గాలి మెల్లగా నీళ్లలో కరిగిపోతుంది, మోటరు ఊరికే ఆగి ఊరికే మొదలవుతుంది, లోపల తుప్పు తింటుంది. రెండోదాంట్లో నడుమ రబ్బరు పొర ఉంటుంది. అది చినిగితే ట్యాంకే మార్చాలి. మూడోదాంట్లో నీళ్లు రబ్బరు సంచిలో ఉంటాయి, ఇనుముకు తగలవు, సంచి ఒక్కటే మార్చుకోవచ్చు. మీరు అదే కొనండి.

గాలి తగ్గినప్పుడల్లా మనమేం చేస్తాం? మగ్గాల మీది దూది ఊదే కంప్రెసర్ పైపు తెచ్చి పెడతాం. మీటరు చూడం, ట్యాంకును అరచేత్తో తట్టి చాలంటాం. గట్ల నింపుతరా, మీకు పానాల మీద ఆశ లేదా అని భీమ్‌రావు తల పట్టుకున్నాడు. కనుకయ్య బావకు ఆ పని నేర్పింది నేనే. సెలవునాడు మళ్లీ నింపుతాడేమోనని నాకు ఒకటే భయం. బావను ఆ పైపు ముట్టనియ్యకు, నీకు దండం పెడతాను.

ఇట్లు
నీ అన్న
హనుమాండ్లు

తా.క. భూమయ్య పేరు ఊరికే రాశాను తల్లీ. పేలింది మా ఇంట్లోనే. మీదీ మాదీ కొత్త ట్యాంకులని చెప్పాను, కావు. నూలుకు గంజి పట్టించే సైజింగ్ కార్ఖానా మూతబడితే, దాని పాతసామానులో తెచ్చి, రెండింటికీ నీలిరంగు వేయించాను. ఈ కాగితం తెచ్చింది మీ వదినే. ఆ పేలుడుకు ఆమె ఎడమ చెవి ఇక వినపడదని డాక్టరు చెప్పాడు. కుడిపక్కన కూర్చొని మాట్లాడు.