గుంజకు పూసిన తేనె

మా లాడ్జిలో దిగినప్పుడు, దగ్గు తగ్గుతుందని మా అత్త ఇచ్చిన తేనెను మీరు తాగలేదు. ఎలుగుబంటి ఫొటో కోసం చివరి గుడిసె గుంజకు పూశారు.

ఫొటో బాగానే వచ్చింది. చూసుకోమని మీరే పంపారు కదా, గుంజ మీద తేనె మెరవడం కూడా కనిపించింది.

రుచి మరిగిన ఆ ఎలుగుబంటి ఇప్పుడు రోజూ పొద్దుగూకగానే వస్తోంది. మొన్న మా వంటగది తలుపు పీకేసింది. అటవీ అధికారి వచ్చి, మేమే తిండి బయట పారేసి దానికి అలవాటు చేశామని, లాడ్జి మూయిస్తానని అన్నాడు. ఇంటిల్లిపాదీ బతికేది దీని మీదే.

మీ సంగతి చెప్పబోతే అత్త నా జబ్బ గిల్లింది. "నోర్ముయ్యవే! మన పొయ్యి దగ్గర కూర్చుని తిన్న మనిషి మీద చాడీలు చెప్తామా?" అని గొణిగి, "తేనె నా చేతే ఒలికింది సారూ" అని ఆయనతో అనేసింది. ఆయన వెళ్ళాక మామయ్య, "నిలువు గుంజ మీద తేనె ఎలా ఒలుకుతుందే?" అన్నాడు.

అతిథిని అప్పగించకపోవడం అత్త పద్ధతి. నాకు అంత మర్యాద లేదు. కానీ నేను చెబితే అత్త అబద్ధాలకోరు అవుతుంది, మీరే చెబితే అతిథిని కాపాడడానికే అలా అందని ఆయనకు అర్థమవుతుంది. అందుకే ఈ ఉత్తరం.

శుక్రవారం అధికారి మళ్ళీ వస్తాడు. తేనె పూసింది మీరేనని రాసి, సంతకం పెట్టి పంపండి. గురువారం సాయంత్రంలోగా అది నా చేతికి అందాలి. అందకపోతే మర్నాడు అన్నీ నేనే చెబుతాను.