బోడగుట్టగూడెం దవాఖానకు డాక్టరు

బోడగుట్టగూడెం, జూన్ 3

సూర్యాపేటలో మన ఎమ్మెల్యే సారు కార్యాలయం చూసుకునే ఉపేందర్ గారికి, మహిళా సంఘం అధ్యక్షురాలు కొమురమ్మ నమస్కరించి రాయునది.

ఎన్నికలప్పుడు మా ఊరి దవాఖానకు డాక్టరును ఇస్తామని సారు మాటిచ్చారు. రెండేళ్లయింది. భవనం ఉంది, మంచాలున్నాయి, డాక్టరు లేరు. మొన్న మా కోడలు లతకు నొప్పులొస్తే ఆటోలో బయలుదేరాం. మిర్యాలగూడ ఇంకా పది కిలోమీటర్లు ఉండగానే మనవరాలు పుట్టేసింది. ఇద్దరూ క్షేమం. ఇంకొకరికి ఇలా కాకూడదు. డాక్టరును పంపండి.

ఇట్లు, కొమురమ్మ

తా.క.: ఆటో నడిపే మంగ్త్యా "ఇగ కాన్పు కేసులు ఎక్కించుకోనక్కా" అంటున్నాడు.

సూర్యాపేట, జూన్ 20

శ్రీమతి కొమురమ్మ గారికి,

మీ దరఖాస్తు అందింది. ఆటోలో సౌకర్యాలు లేవన్న మీ ఫిర్యాదుపై తగు చర్యకు ఆదేశించాము.

భవదీయుడు, ఉపేందర్

తా.క.: పాపకు సారు పేరు పెట్టదలిస్తే ఫొటోగ్రాఫర్‌ను పంపగలం.

బోడగుట్టగూడెం, జూలై 2

ఉపేందర్ గారికి, విసుగుతో రాయునది.

ఎవరో వచ్చి మంగ్త్యా ఆటోను పట్టుకుపోయారు. ఇప్పుడు డాక్టరూ లేరు, ఆటో కూడా లేదు. నేనడిగింది డాక్టరును. దవాఖానలో కుర్చీ ఖాళీగా ఉంది, అందులో మనిషి కావాలి.

కొమురమ్మ

తా.క.: సారు పేరు ఆడపిల్లకు బాగుండదు.

సూర్యాపేట, జూలై 18

గౌరవనీయులైన కొమురమ్మ గారికి,

కుర్చీ సమస్య సారు దృష్టికి తెచ్చాము. కొత్త కుర్చీ మంజూరైంది. ఆగస్టు 5న సారే వచ్చి రిబ్బన్ కత్తిరిస్తారు. వందమంది మహిళలను సిద్ధం చేయగలరు. డాక్టరును రెండేళ్ల కిందటే నియమించినట్టు రికార్డులో ఉంది. కనబడకపోతే విడిగా దరఖాస్తు చేసుకోండి.

భవదీయుడు, ఉపేందర్

తా.క.: కుర్చీకి చక్రాలున్నాయి. పిల్లలను కూర్చోనివ్వరాదు.

బోడగుట్టగూడెం, ఆగస్టు 6

ఉపేందర్ గారికి, సంతోషంగా రాయునది.

మీరు వందమందిని అడిగారు, నూట అరవైమందిమి వచ్చాం. రిబ్బన్ కత్తిరించే ముందు సారు కళ్లు తిరుగుతున్నాయన్నారు. వెనక కారులోంచి ఒకమ్మాయి బీపీ మిషనుతో పరుగెత్తుకొచ్చింది. చూసి, ఎండదెబ్బే, మజ్జిగ తాగించమంది.

"ఎవరు బిడ్డా నువ్వు?" అని అడిగాను.

"డాక్టర్ శ్రీజను అమ్మా. నా పోస్టింగు ఈ ఊర్లనే. రెండేండ్ల సంది సారు వెంట తిప్పుతున్నరు" అంది తల వంచుకుని.

నాకు ఒళ్లు మండింది. భవనానికి రిబ్బన్ కట్టొచ్చు, కుర్చీకీ కట్టొచ్చు. డాక్టరుకు కట్టరాదు. అందుకే ఆమె తప్ప మాకు అన్నీ వచ్చాయి.

"గీడ ఉంటవా?"

"పంపరమ్మా."

"పంపుడు సంగతి మేం సూసుకుంటం. నీకు ఇష్టమేనా?"

ఆమె కాసేపు సారు వైపు చూసింది. తర్వాత లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చుంది. మేమంతా లైను కట్టాం.

బయలుదేరే ముందు ఇంకోసారి బీపీ చూడాలన్నారు సారు. మా సంఘం దుర్గమ్మ చీటీ ఇచ్చింది. నలభై ఏడో నంబరు.

"నాకు టైమైతాంది" అన్నారు సారు.

"మాకు రెండేండ్లయింది సారూ" అంది దుర్గమ్మ.

సాయంత్రం దాకా షామియానా కింద కూర్చుని, చూపించుకునే వెళ్లారు.

ఇట్లు, కొమురమ్మ

తా.క.: శ్రీజను వెనక్కి పిలిచే ఆర్డరు తెచ్చేవారికి మనవి. ఇవాళ్టి నుంచి రోజుకు ఇరవైమందిమి గేటు ముందు వంతులవారీగా కూర్చుంటాం. వచ్చేవాళ్లు అన్నం డబ్బా తెచ్చుకోవాలి.