పన్నెండో అధ్యాయానికి లాకు

మంగళవారం

మా బావమరిదికి,

బావ రాస్తున్నది. ఇక్కడ అంతా క్షేమం అని ముందు రాయాలి కాబట్టి రాశాను. ఎంత క్షేమమో కింద చదువు.

ప్రెస్సు మూసేసినప్పుడు మా ఓనరు నాకు కంప్యూటరూ, దాని వెనకాల గుచ్చే బొటనవేలంత లాకూ ఇచ్చి పంపాడు కదా. ఆ లాకు ఉంటేనే మన తెలుగు కంపోజింగ్ ప్రోగ్రాం తెరుచుకుంటుంది. లేకపోతే నేను కొట్టినదంతా పిచ్చి గీతలే. ఈ పొద్దున కూర్చుని ఆన్ చేస్తే, యూఎస్‌బీ పరికరాన్ని గుర్తించలేకపోతున్నాను అని కింద మూల ఒక చీటీ లేచింది. ఆరేళ్లుగా రోజూ చూస్తున్న లాకుని ఇవాళ గుర్తించలేదట! మూసి మళ్లీ తెరిచాను. అదే మాట.

మీ అక్క పుస్తకం సంగతి నీకు తెలుసు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై రెండేళ్లు ఊరందరి మాటలూ కలిపిన మనిషి, ఆ కబుర్లన్నీ పన్నెండు అధ్యాయాలుగా నోటుపుస్తకాల్లో రాసిపెట్టింది. పదకొండు కంపోజ్ చేశాను. ఒక్కటే మిగిలింది. నడుం అని మంచమెక్కిన మనిషి మూడు నెలలుగా దిగలేదు. ఆ పుస్తకం తప్ప వేరే ధ్యాస లేదు. "ఎంతవరకు వచ్చింది?" అని గంటకోసారి అడుగుతుంది. ఏం చెప్పను?

ఫోన్ చెయ్యకు. మిషన్ల పక్కన నలభై ఏళ్లు నిలబడ్డ చెవులివి, నువ్వేం చెప్పినా నాకు ఈగ గోలే. ఉత్తరం రాస్తే మీ అక్కకి చదివి వినిపిస్తాను.

ఇట్లు,
బావ

తా.క.: మీ అక్క మంచంలోంచి అంటోంది: "వాడు చిన్నప్పుడు గోడ గడియారం విప్పి, మళ్లీ బిగించాక నాలుగు మరలు మిగిల్చాడు. వాడికెందుకు రాస్తున్నారు?" వేరే దిక్కు లేదన్నాను.

*

సోమవారం

బావగారికి నమస్కారాలు.

కంగారు పడకండి. మా కంప్యూటర్ రిపేరు షాపుకి రోజుకి పదిమంది తెచ్చే జబ్బే ఇది. లాకు తీసి, ముప్పై సెకన్లు ఆగి, పక్కనున్న వేరే పోర్టులో గుచ్చండి. దానికీ లొంగకపోతే, తగిలించి ఉన్నవన్నీ ఒకసారి పీకేసి లాకు ఒక్కటే పెట్టి చూడండి. లాకు మీద చిన్న లైటు ఉంటుంది. అది వెలుగుతోందో లేదో తప్పకుండా రాయండి. వెలిగితే లాకులో ప్రాణం ఉన్నట్టు, తప్పు కంప్యూటర్‌ది. వెలగకపోతే లాకే పోయినట్టు. ఆ లాకు చేసిన కంపెనీ మూతపడి చాలా కాలమైంది కాబట్టి కొత్తది దొరకడం కష్టం. జాగ్రత్తగా వాడండి.

అక్కకి నడుం ఎలా ఉంది? ఇక్కడ సీజను, షాపు వదిలి కదల్లేకపోతున్నాను.

మీ బావమరిది

తా.క.: పెళ్లికి ముందు నేను మా ఆవిడకి ఆ ఎక్స్ఛేంజీ మీదుగానే ఫోన్లు చేసేవాణ్ణి. అక్క పుస్తకంలో అవేమీ లేవు కదా? ఊరికే అడుగుతున్నా.

*

శుక్రవారం

బావమరిదికి బావ రాస్తున్నది.

నువ్వు చెప్పినట్టే తగిలించినవన్నీ పీకేశాను. మా ఇంట్లో అన్నీ ఒకే బోర్డు మీద బతుకుతాయి. ఫ్రిజ్ పీకాను, ఫ్యాను పీకాను, వాటర్ ఫిల్టరు పీకాను. ముప్పై సెకన్లు అన్నావు గానీ, లాకు పాతది కదా, మొహమాటపడి ముప్పై నిమిషాలు ఆగాను. పాలు విరిగాయి. మీ అక్క చెమటలు కక్కుతూ, "వాడి వైద్యానికి ముందు రోగి పోయేలా ఉంది" అని నవ్వింది. వేరే పోర్టులోనూ పెట్టాను. అదే చీటీ లేచింది. లైటు మాత్రం ఎర్రగా భేషుగ్గా వెలుగుతోంది.

ఈ కంప్యూటర్‌కి ఎంత పొగరో చూడు. నా కళ్లముందు ఉన్న వస్తువుని లేదంటుంది. మా ఓనరు కూడా ఆఖర్లో జీతం రోజున నన్ను చూసి ఇలాగే చేసేవాడు.

డాక్టరు మందు మార్చాడు. అన్నం సరిగ్గా తినదు. నీ ఉత్తరం చదువుతున్నంత సేపూ మాత్రం నాలుగు ముద్దలు తింది, కాబట్టి ఇంకాస్త పొడుగ్గా రాయి.

బావ

తా.క.: నీ ఫోన్ల సంగతి నాలుగో అధ్యాయం, పదిహేడు పేజీలు. పేరు మార్చింది. నత్తి మార్చలేదు.

*

గురువారం

బావగారికి,

కంప్యూటర్‌కి తగిలించినవి పీకమన్నానండీ, ఇంటికి తగిలించినవి కాదు. పోనీలెండి, జరిగిందేదో జరిగింది.

లైటు వెలుగుతోందంటే లాకు బాగానే ఉంది. ఇప్పుడు నెమ్మదిగా చదివి నేను రాసినట్టే చెయ్యండి. లాకు మూతి దగ్గర ఇత్తడి రంగు పట్టీలుంటాయి. పెన్సిల్ చెరిపే రబ్బరుతో రెండుసార్లు, రెండే రెండుసార్లు తుడవండి. తర్వాత కంప్యూటర్లో పరికరాల జాబితా తెరిస్తే లాకు పేరు పక్కన పసుపు గుర్తు కనబడుతుంది. ఆ ఒక్క పేరునీ తీసేసి, కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే, అదే కొత్తగా పరిచయం చేసుకుంటుంది. మిగతా పేర్ల జోలికి వెళ్లకండి. అయినా లొంగకపోతే లాకుని ఇంకెవరి కంప్యూటర్లోనైనా పెట్టి చూడండి.

అక్కకి చెప్పండి, మిగిలిన ఆ ఒక్క అధ్యాయం ఈ నెలలో అయిపోతుందని.

బావమరిది

తా.క.: పదిహేడు పేజీలా! నత్తి తీసేయమని బతిమాలండి. మా పిల్లలు ఇప్పుడు చదవడం నేర్చుకున్నారు.

*

బుధవారం

బావమరిదికి,

రబ్బరుతో తుడిచాను. రెండుసార్లకి మెరవలేదని ఇరవైసార్లు తుడిచాను. ఇప్పుడు అద్దంలా ఉంది, మొహం చూసుకోవచ్చు. పరికరాల జాబితా కూడా తెరిచాను. పసుపు గుర్తు ఎక్కడా లేదు. ఏది లాకో తెలియక పైనుంచి ఒక్కొక్కటే తీసేసుకుంటూ వచ్చాను. మూడోది తీసేసరికి కీబోర్డు చచ్చింది. ఐదోది తీసేసరికి మౌసు చచ్చింది. ఇక ఆపడానికి కూడా చేతిలో ఏమీ లేదు. గోడ దగ్గర స్విచ్ ఆపి, మీ అక్క పక్కన కూర్చున్నాను. నీకు ఇంకో కంప్యూటర్ ఉంటే దాన్ని నాకివ్వకు.

మర్నాడు ఆన్ చేస్తే కీబోర్డూ మౌసూ వాటంతటవే తిరిగొచ్చాయి. లాకు ఒక్కటే రాలేదు.

వేరే కంప్యూటర్లో పెట్టమన్నావు కదా, బ్యాంకుకి వెళ్లాను. కౌంటర్ మీదకి వంగి గుమాస్తా కంప్యూటర్లో గుచ్చబోతే గార్డు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. మా ఆవిడ పుస్తకం అన్నాను. ఏ పుస్తకమైనా ఇక్కడ గుచ్చకూడదన్నాడు. మేనేజరు కుర్చీ వేసి మంచినీళ్లిచ్చి పంపాడు.

మీ అక్క ఈ కథ మూడుసార్లు చెప్పించుకుంది. దిళ్లు పెడితే లేచి కూర్చుంది కూడా.

ఇంకేదైనా మార్గం చెప్పు.

బావ

తా.క.: నత్తి తీయదట. "వాడి మాటల్లో వినడానికి బాగున్నది అదొక్కటే" అంది.

తా.క. 2: ఆ లైటు అసలు ఎప్పుడూ వెలగనే లేదు. అది కూడా రాయమంటావు కదా, రాశాను.

*

ఆదివారం

బావగారూ,

ఈ ఉత్తరం అక్కకి మొత్తం చదవకండి. అక్కా అని మొదలయ్యే పేరా ఒక్కటే చదివి ఆపండి.

అక్కా, నీకు శుభవార్త. ఇక్కడొక పాత ప్రెస్సు మూసేస్తుంటే వాళ్ల లాకు అడిగి తెచ్చాను. మన ప్రోగ్రాందే. నా షాపులో పెట్టి చూశాను, పనిచేస్తోంది. వచ్చే ఆదివారం నేనే తీసుకొస్తున్నాను. సాయంత్రానికల్లా పన్నెండో అధ్యాయం కంపోజ్ చేయించి గానీ కదలను.

ఇక మీతో. ముందు ఉత్తరంలో లైటు భేషుగ్గా వెలుగుతోందన్నారు, తర్వాత ఎప్పుడూ వెలగలేదన్నారు. పసుపు గుర్తు లేకుండా ఆ చీటీ లేవదు. నలభై ఏళ్లు సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చిన మనిషికి ఒక్క పేరు తియ్యమంటే తెలియలేదా? ఇరవై రెండేళ్లుగా ఈ పని చేస్తున్నాను, బావగారూ. చేతకాక చెడగొట్టేవాణ్ణీ, కావాలని చెడగొట్టేవాణ్ణీ కనిపెట్టగలను.

మీ గురించి కూడా ఆ పుస్తకంలో ఏదో రాసి ఉంటుంది. మీకు నచ్చి ఉండదు. అందుకే ఆపుతున్నారు. నా పదిహేడు పేజీలకి నేను నవ్వుకుని ఊరుకున్నానే! నడుం పట్టేసి మంచంలో పడున్న మనిషికి ఉన్న ఒక్క కోరికకి మీరు అడ్డం పడతారా? మీరంటే నాకు గౌరవం. అది పోగొట్టుకోవాలని లేదు. ఆదివారం వస్తున్నాను, లాకు నా చేత్తో గుచ్చుతాను.

బావమరిది

తా.క.: మర్యాద తప్పి రాసి ఉంటే, మా అక్క తమ్ముణ్ణి కాబట్టి రాశాను.

*

గురువారం

నాయనా,

ఇప్పటిదాకా రాసినవన్నీ మీ అక్క పక్కన కూర్చుని రాసి, చదివి వినిపించి పోస్టు చేశాను. ఇది మాత్రం మందుల షాపు బయట బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. షాపతను పెన్ను ఇచ్చి రెండుసార్లు తొంగి చూశాడు.

నువ్వు కనిపెట్టింది నిజమే. కావాలనే ఆపుతున్నాను. లాకు బంగారంలా ఉంది. మొదటిరోజు నుంచీ ఉంది. నేనే దాన్ని పూర్తిగా గుచ్చను, గోరంత బయటికి వదిలేస్తాను. అలా వదిలితే కంప్యూటర్ దాన్ని గుర్తించదు. బ్యాంకుకి నేను వెళ్లలేదు. పార్కులో గంటసేపు కూర్చుని ఆ గార్డు కథంతా కట్టుకుని ఇంటికొచ్చాను. ఫ్రిజ్ మాత్రం నిజంగానే పీకాను, ఆవిడ చూస్తోంది కదా.

మీ అక్కది నడుం నొప్పి కాదురా. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది, సీజను పాడవుతుందని. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి ఒక నెల, మహా అయితే ఇంకో వారం అన్నాడు. ఆ మాట అన్నది నేను నీకు మొదటి ఉత్తరం రాయడానికి ముందురోజు. ఆవిడకి కూడా తెలుసు. ఇంటికొచ్చాక నాతో ఒక్కటే అంది: "పన్నెండూ కానివ్వండి. సగంలో వదిలేసి నేనెక్కడికీ వెళ్లను. అయ్యాక మాత్రం నావల్ల కాదు, నన్ను ఆపకండి."

ఆవిడ సంగతి నీకు తెలియదా? డ్యూటీ దిగే వేళకి లైన్లో ఎవరైనా మాట్లాడుతుంటే వాళ్లు పెట్టేసేదాకా కుర్చీలోంచి లేచేది కాదు. అలాంటి మనిషి చేతిలో పూర్తయిన పుస్తకం ఎలా పెట్టనురా? పన్నెండో అధ్యాయం పంతొమ్మిది పేజీలు. నా చేతులకి ఒకటిన్నర రోజు పని. ఆ ఒకటిన్నర రోజుని ఇవాళ్టికి తొమ్మిది వారాలు చేశాను. మొన్న డాక్టరు వచ్చి నాడి చూసి, ఏం మందు వాడుతున్నారని అడిగాడు. ఏం చెప్పను, మా బావమరిది ఉత్తరాలనా?

నువ్వు తిట్టిన ప్రతి తిట్టుకీ నాకు సంతోషమే. కానీ భయంగా ఉంది. నా దగ్గర ఇక అబద్ధాలు లేవు. అక్షరాలు పేర్చేవాణ్ణి గానీ కథలు కట్టేవాణ్ణి కాదు.

ఆదివారం తప్పకుండా రా. ఆవిణ్ణి చూడు. ఆ లాకు తేకుండా ఉండడం కుదరదు, ఆవిడకి చెప్పేశాం కదా. తెచ్చి, గుచ్చు. గోరంత బయటికి వదిలెయ్యి. తర్వాత తల గోక్కుంటూ ఇది చాలా పెద్ద జబ్బు, ఇంకో విడిభాగం తెప్పించాలి, నెల పడుతుంది అని చెప్పు. నీకు నత్తి ఎలాగూ ఉంది కాబట్టి, అబద్ధం చెప్పేటప్పుడు తడబడినా ఎవరూ పట్టించుకోరు.

నీ బావ

తా.క.: నీ శుభవార్త పేరా ఆవిడకి చదివి వినిపించాను. ఇంకోసారి చదివించుకుంది. తర్వాత, "వాడు తెచ్చే లాకు కూడా పనిచెయ్యదు కదా?" అని అడిగింది. పనిచెయ్యదులే అన్నాను. సరే అని, నా చెయ్యి పట్టుకుని అటు తిరిగి పడుకుంది.