తుఫాను వారం అంటించిన రెక్క

ఏమండీ, పప్పుచారు వేడి చేసుకోండి. షెడ్డులో మీరు కడుతున్న విమానం ఎడమ రెక్క చెక్క చట్రానికి మాత్రం గుడ్డ కప్పకండి.

బంక కలిపినప్పుడల్లా పరీక్షకని రెండు చెక్కముక్కలు అంటించి, తేదీ వేసి, కిటికీలో బొమ్మల కొలువులా పేరుస్తారు. "ఉక్కులా పట్టిందే" అని మురిసిపోవడమే గానీ, ఒక్కటి విరిచి చూసిన పాపాన పోలేదు. పొద్దున నేనే విరిచాను. అన్నిటిలో చెక్క చీలింది గానీ బంక వదల్లేదు. తుఫాను వారం అంటించినవి మాత్రం చెయ్యి వేయగానే ఊడి వచ్చాయి. ఆ వారం మీరు చేసింది ఎడమ రెక్కే.

అతుకులన్నీ విప్పి మళ్లీ అంటించాక ఫోన్ చేయండి. చూలై పేటలో అక్క ఇంట్లో ఉంటాను.

తా.క. గుడ్డ తాను నాతో తీసుకెళ్తున్నాను. అంత పొడుగు తెల్లగుడ్డ ఇంట్లో చూస్తే నాకు రెక్క గుర్తుకు రావడం లేదు.